రేపటికి తెగాలె

కిందటి వారం మనం అనసూయను ఢిల్లీలో ఐ.టి.ఓ. దగ్గర ఒక పాత ప్రభుత్వ భవనంలో, మూడో అంతస్తు వరండాలో, ఇనుప బెంచీ మీద వదిలి వచ్చాం. తెలుగు దుభాషి కావాలని ముందురోజు సాయంత్రం ఫోను వస్తే, ఎవరి కోసమో ఏ కేసో అడక్కుండా ఒప్పుకుంది ఆమె. ఆర్మీ సిగ్నల్స్‌లో సుబేదారుగా చేసిన భర్త జయచంద్ర పోయి ఆరేళ్ళు. అప్పటినుంచి మయూర్ విహార్ ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటోంది. పేరు బయట చెప్పకూడని ఒక ఆఫీసుకు పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. వాళ్ళు పంపిన టెలిఫోను సంభాషణలు ఇంట్లోనే కూర్చుని వినాలి, తెలుగులో ఉన్నదాన్ని ఇంగ్లీషులో రాసివ్వాలి. అంతే పని.

ఆ వరండాలో ఇద్దరు పోలీసుల మధ్య నడిచివస్తున్న మనిషి దగ్గాడు. ముఖం ఎన్నడూ చూడలేదు గాని దగ్గు గుర్తుపట్టింది అనసూయ. నాలుగు నెలలపాటు హెడ్‌ఫోన్లలో రోజూ విన్న దగ్గు. కుర్మయ్యది.

*

గది చిన్నది. నవంబరు ఆఖరు కావడంతో కిటికీలన్నీ మూసేశారు. మూల ఒక రాడ్ హీటరు ఎర్రగా వెలుగుతోంది గాని దాని వేడి మధ్యలో బల్లదాకా కూడా వస్తున్నట్టు లేదు. బల్లకు అవతల, విచారణ లేకుండా పట్టుకున్నవాళ్ళను లోపల ఉంచాలా వద్దా అని తేల్చే సలహా మండలి సభ్యులు ముగ్గురు. నడుమ కూర్చున్న చైర్మన్ రిటైరైన జడ్జి, మెడకు బూడిదరంగు మఫ్లరు చుట్టుకున్న ముసలాయన. పక్కగా వేసిన చిన్న బల్ల దగ్గర ప్రభుత్వం తరఫున డిప్యూటీ సెక్రటరీ తనేజా, ఆయన ముందు ఎర్ర నాడా కట్టిన మూడు ఫైళ్ళు. ఇవతల రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకటి కుర్మయ్యకు, ఒకటి దుభాషికి. మూడో కుర్చీ లేదు. జాతీయ భద్రతా చట్టం కింద పట్టుకొచ్చిన మనిషికి ఆ గదిలో వకీలు ఉండడు.

అనసూయ వెళ్ళి అతని పక్కన కూర్చుంది. యాభై దాటిన మనిషి, చేతుల నిండా మానిన గాయాల చారలు, జైలువాళ్ళిచ్చిన గోధుమరంగు కంబళి భుజాల మీద.

ఆ మనిషి గురించి ఆమెకు తెలియనిది చాలా తక్కువ. పాలమూరు నుంచి తొమ్మిదేళ్ళ కింద కేబుల్ గుంతలు తవ్వడానికి వచ్చినవాడు, ఇప్పుడు ఇరవైరెండు మందికి మేస్త్రీ. మట్టిదుమ్ముకు ఏడాదంతా దగ్గుతాడు, చలి మొదలైతే మరీ ఎక్కువ. కూతురు నారాయణపేటలో హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతోంది. రోజూ సాయంత్రం ఏడున్నరకు ఆ పిల్లకు ఫోను చేస్తాడు. మొదటిమాట "తిన్నవా బిడ్డా?" ఆఖరిమాట కూడా అదే. రికార్డయిన ఆ మాటలు మర్నాడు అనసూయ హెడ్‌ఫోన్లలోకి వచ్చేవి. ముందు పళ్ళెం పెట్టుకుని వింటూ, ఒకటి రెండుసార్లు తనకు తెలియకుండానే "తిన్నాను" అని పైకి అనేసింది. అన్నాక ఉలిక్కిపడి ఖాళీ హాలంతా చూసుకుంది. లైను వినడానికిచ్చిన గడువు అయిపోయి రికార్డులు రావడం ఆగిపోయిన రోజున, అన్నం కలుపుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఆ ఇంట్లో ఆమెను తిన్నావా అని అడిగే గొంతు అదొక్కటే. అదీ ఆమెను అడగలేదు.

"నమస్కారమండీ," అంది ఇప్పుడు. "మీరు చెప్పింది వాళ్ళకు నేను చెప్తాను. వాళ్ళు చెప్పింది మీకు చెప్తాను."

కుర్మయ్య గబుక్కున ఆమె వైపు తిరిగాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"మనోళ్ళేనా అమ్మా? తెలుగు ఇని నెలన్నర దాటింది."

చైర్మన్ గొంతు సవరించుకున్నాడు. "తనేజా గారూ, ఇతన్ని ఎందుకు పట్టుకున్నామో చెప్పే కాగితం ఇతనికి ఏ భాషలో ఇచ్చారు?"

"ఇంగ్లీషులో సర్. హిందీలో చదివి వివరించాం కూడా. తొమ్మిదేళ్ళుగా ఢిల్లీలో ఉంటున్నాడు. అర్థమైందని వేలిముద్ర వేశాడు."

అనసూయ ఆ మాట తెలుగులో చెప్పి, మీకు అర్థమైందా అని అడిగింది.

"ఏందో సదివిన్రు సారూ," అన్నాడు కుర్మయ్య నేరుగా చైర్మన్‌నే చూస్తూ. "దేశ్ అన్నరు, సురక్షా అన్నరు. అంగూఠా ఎయ్ అంటే ఏసిన. ఎందుకు తెచ్చిన్రో నాకు ఇప్పటిదాంక ఎర్క లేదు."

ఆమె అది హిందీలోకి మార్చి చెబుతుంటే, చివర కూర్చున్న సభ్యురాలు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. చైర్మన్ తన ముందున్న కాగితాలు అనసూయ వైపు జరిపాడు.

"తెలిసిన భాషలో కారణాలు చెప్పమంటుంది చట్టం. ఆలస్యమే గాని ఇప్పుడైనా చెప్పాలి. మీరు చదివి, వాక్యం వాక్యం అతనికి చెప్పండి మేడమ్. అతను ఏమంటాడో మాకు చెప్పండి."

మొదటి పేరా తేలికగానే గడిచింది. అక్టోబరు ఆరున కంటోన్మెంటు పక్కన గుంత తవ్వుతుండగా మట్టిపెళ్ళ విరిగి చెన్నకేశులు అనే కూలీ చనిపోయాడని, ఆ మర్నాటి నుంచి కుర్మయ్య కూలీలను రెచ్చగొట్టి, రక్షణ అవసరాల కోసం వేస్తున్న కేబుల్ పని ఆపించాడని అందులో ఉంది.

"నిజమే," అన్నాడు కుర్మయ్య. "ఆపినం. మనిషి సచ్చిండు సారూ. పన్నెండడుగుల గుంత. పక్కలకు చెక్కలు కొట్టమని నెలసంది మొత్తుకుంటున్న. కొట్టలే. తీసినంక నోట్ల మన్నే. కంట్రాక్టరు వచ్చి, వీడు మా మనిషే కాదు అన్నడు. మా మనిషే అని రాసియ్యి, శవాన్ని ఊరికి పంపియ్యి, అప్పుడు పలుగు పడ్తం అన్నం. గిదే నా నేరం."

అనసూయ ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. తనేజా ఏదో రాసుకున్నాడు. ఆమె పేజీ తిప్పింది.

రెండో పేరాలో ఆ వాక్యం ఉంది. అక్టోబరు తొమ్మిదిన టెలిఫోనులో కుర్మయ్య ఇలా ఆదేశించాడు అని ఉంది. కింద ఇంగ్లీషు ముక్క, రేపటికి కట్ చెయ్యాలని. ఆ ఇంగ్లీషు ఆమెదే. కామాతో సహా.

అక్టోబరులో ఒక సోమవారం ఆఫీసు నుంచి వచ్చిన ఫోను గుర్తొచ్చింది. అటువైపు మనిషి పేరు చెప్పలేదు. వాళ్ళెవరూ చెప్పరు. 'మేడమ్, మీరు కట్ అని రాసి, పక్కన బ్రాకెట్లో ఏదో పెద్ద నోట్ పెట్టారు. తగాదాల విషయంలో అయితే పరిష్కారం కావాలి అని కూడా అర్థం అంటారు. ఏదో ఒకటి చెప్పండి. ఆ మాటకి కట్ అనే అర్థం ఉందా, లేదా?' 'ఉంది సర్, మొదటి అర్థం అదే, కాని ఇక్కడ...' 'బస్, ఠీక్ హై. ఫెయిర్ కాపీలో బ్రాకెట్ తీసేసి పంపండి.' పది నిమిషాల్లో తీసేసి, సంతకం చేసి పంపింది. పదకొండో తారీకు తెల్లవారుజామున ఆ పని జరిగేచోట ఒక కేబుల్ తెగిందని, ఇప్పుడీ కాగితంలో ఉన్న సంగతి, ఆమెకు అప్పుడు తెలియదు. తెలుసుకోవాల్సిన పని లేదనుకుంది.

ఇప్పుడా ఇంగ్లీషును తిరిగి తెలుగులోకి మార్చాలి. ఏ మాటతో మారుస్తుంది? అతను అన్న మాటే అతనికి వినిపిస్తే, అవును అన్నాను అంటాడు. ఇంగ్లీషులో కట్ అని, ఎదుట ఒప్పుకున్నాడని మినిట్స్‌లోకి ఎక్కుతుంది. ఇక దాన్ని ఎవరూ చెరపలేరు. కాగితం మీద ఇంగ్లీషులో ఉన్నదాన్నే చెబితే, అనలేదంటాడు. అబద్ధాలకోరు అవుతాడు.

"చెప్పండి మేడమ్," అన్నాడు చైర్మన్.

"రేపటికల్లా కోసెయ్యాలి," అంది అనసూయ. "కొయ్యకపోతే నేను ఇక్కణ్ణుంచి కదలను. అలా మీరు ఫోనులో అన్నారని రాశారు."

"కోసుడా?" కుర్మయ్య అయోమయంగా చూశాడు. "ఏంది కోసుడు? నేననలే. నా పిల్ల మీద ఒట్టు, నేననలే."

ఆమె చెప్పింది. తనేజా పెన్ను కింద పెట్టాడు.

"సర్, ఇది ఊహించిందే. కాని గొంతు ఇతనిదే. ఫోను ఇతనిదే."

"రికార్డింగు వినిపించండి."

"ప్రజాప్రయోజనం దృష్ట్యా బయటపెట్టడం లేదు సర్. చట్టం ఆ అధికారం ఇచ్చింది."

"తెలుగులో రాసిన ప్రతి?"

"లేదు సర్. ఇంగ్లీషు అనువాదమే ఉంది."

"చేసిందెవరు?"

"ప్యానెల్లో ఉన్న అనువాదకులు. పేరు రహస్యం. ఫైల్లో ఆరో నంబరు అని ఉంది."

అనసూయ కాగితాన్ని బల్ల మీద పెట్టి అరచేత్తో అదిమిపట్టింది.

చైర్మన్ కాసేపు హీటరు వైపు చూశాడు. "అంటే గొంతు మా ముందు లేదు. అతను అన్న మాటా లేదు. మాటకు ఇంగ్లీషు మాత్రం ఉంది. దీన్ని చూసి ఇతన్ని విచారణ లేకుండా ఏడాదిపాటు లోపల ఉంచడానికి మేం సరేననాలి."

"సర్, ఉత్తర్వు ఇచ్చిన అధికారి అన్నీ పరిశీలించి తృప్తి చెందారు. ఆ తృప్తి ఆయనది. దానిమీద మండలి అప్పీలు కోర్టు కాదు కదా." తనేజా గొంతు పెంచలేదు. రాత్రంతా ఫైళ్ళతో మేలుకున్నవాడిలా కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "కేబుల్ తెగి తొమ్మిది గంటలు ఒక రక్షణ సంస్థకు లైన్లు లేవు. ఆ తొమ్మిది గంటల్లో ఏదైనా జరిగివుంటే ఇదే బల్ల దగ్గర నన్ను ఇంకో ప్రశ్న అడిగేవారు. ముందే ఎందుకు పట్టుకోలేదని. ఆగి చూద్దాం అనుకునే ఉద్యోగం కాదు సర్ మాది."

"కాదు. అందుకే ఆగి చూడ్డానికి మమ్మల్ని పెట్టారు," అన్నాడు చైర్మన్. "ఆయన తృప్తి చెందారన్నది నాకు చాలదు తనేజా గారూ. దేన్ని చూసి తృప్తి చెందారో అది నా కంటికి కనపడాలి." అని అనసూయ వైపు తిరిగాడు. "మేడమ్, మీకు భాష తెలుసు. ఇంగ్లీషులో ఇలా రావడానికి తెలుగులో ఇంకేదైనా మాట ఉండే వీలుందా? ఇతను ఒకటి అని, రాసినవాళ్ళు ఇంకొకటి అనుకుని ఉండొచ్చా?"

చెప్పలేను సర్ అనవచ్చు. అంటే సరిపోతుంది. మధ్యాహ్నానికి మెట్రో ఎక్కి ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆరో నంబరు ఎవరో ఈ గదిలో ఎవరికీ తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. జయచంద్ర ఉంటే ఏమనేవాడో అని ఒక్క క్షణం వెతుక్కుంది. ఏమీ తోచలేదు. పోయినవాళ్ళను అడిగీ అడిగీ ఆమెకు ఈ మధ్య జవాబులు రావడం మానేశాయి.

"ఆయన అన్న మాట 'తెగాలె' సర్," అంది. "రేపటికి తెగాలె. తెగకపోతే నేను కదల. అదీ ఆయన అన్నది."

పక్కన కుర్మయ్య కుర్చీలో ముందుకు జరిగాడు. మిగతాది అర్థంకాకపోయినా తన మాట తనకు వినిపించింది.

"ఆఁ! గదన్న! పంచాయతీ తెగాలె అన్న. కంట్రాక్టరుతోని మాట తెగాలె అన్న. గది నిజమే!"

"తాడు తెగినా తెగిందనే అంటాం సర్," అంది అనసూయ. "తగాదా తేలినా, బేరం కుదిరినా కూడా తెగిందనే అంటాం. చనిపోయిన మనిషి విషయం రేపటికి తేలాలి అన్నాడాయన. కేబుల్ అనే మాట ఆ ఫోనులో ఎక్కడా లేదు."

తనేజా లేచి నిలబడ్డాడు. "సర్, అభ్యంతరం. ఈమె దుభాషి, సాక్షి కాదు. తెలుగు ప్రతి లేనే లేదని ఇప్పుడే చెప్పాను. అసలు మాట ఏదో ఈమెకెలా తెలుసు?"

ఆ ప్రశ్న చైర్మన్‌కు కూడా అప్పుడే తట్టినట్టుంది. చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"నిజమే. మీకెలా తెలుసు మేడమ్?"

"ఆరో నంబరు నేనే సర్."

వరండాలో ఎవరో టీ గ్లాసులు పట్టుకెళ్తున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. తనేజా నెమ్మదిగా మళ్ళీ కూర్చున్నాడు. అతని గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"మేడమ్, మీరు ఏ కాగితాల మీద సంతకం పెట్టి ఆ పనిలో చేరారో గుర్తుందా? ఇప్పుడు మీరు అన్న ఈ ఒక్క మాటకి మీమీద కేసు పెట్టొచ్చు. తెలుసా?"

"తెలుసు సర్."

ఆమె బ్రాకెట్ సంగతి చెప్పింది. ఫోను సంగతి చెప్పింది. పదకొండేళ్ళలో తన పని గురించి ఇంకో మనిషితో మాట్లాడటం ఆమెకు అదే మొదటిసారి.

"తీసెయ్యమంటే ఎందుకు తీసేశారు?" అని అడిగింది చివర కూర్చున్న సభ్యురాలు.

"ఆ నెలాఖరుకు నా కాంట్రాక్టు రెన్యూ కావాలి మేడమ్," అంది అనసూయ. మళ్ళీ తనే, "ఆ పని లేకపోతే నాకు రోజంతా ఇంకో గొంతు వినపడదు," అంది. ఆ రెండోమాట ఎందుకు అన్నదో ఆమెకే తెలియలేదు. సభ్యురాలు తల దించుకుంది.

కుర్మయ్య ఒకరి తరువాత ఒకరి ముఖాలు చూస్తున్నాడు. "ఏమంటున్రమ్మా? ఇడ్సిపెడ్తరా?"

ఈ గదిలో అందరికీ తెలిసింది. అతనికి మాత్రం తెలియలేదు. చెప్పాల్సింది ఆమే.

"మీ ఫోను ప్రభుత్వంవాళ్ళు రికార్డు చేశారండీ," అంది అతని వైపు తిరిగి. "అది విని ఇంగ్లీషులో రాసింది నేను. తెగాలె అన్నదాన్ని కొయ్యాలని రాసింది నేనే. తప్పు నాది. ఇప్పుడదే వీళ్ళకు చెప్పాను."

అతను ఆమెను చూశాడు, బల్ల మీది కాగితాన్ని చూశాడు. అర్థం చేసుకోవడానికి కాసేపు పట్టింది.

"నా ఫోను... ఎన్ని దినాలు ఇన్నవు?"

"నాలుగు నెలలు."

"నా బిడ్డతోని మాట్లాడింది గుడనా?"

"అదీ విన్నాను."

కుర్మయ్య కంబళి లాక్కుని మెడదాకా కప్పుకున్నాడు. ప్లాస్టిక్ కుర్చీని కొద్దిగా, ఒక బెత్తెడంత, అవతలికి జరుపుకున్నాడు. ఆ తరువాత గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. తెలుగు విన్నానని ఇందాక నీళ్ళు నిండిన కళ్ళు ఇప్పుడు పొడిగా ఉన్నాయి. తిట్టివుంటే బాగుండేదనిపించింది అనసూయకు. అరగంట కింద ఈ ఊళ్ళో అతనికి ఒక్క మనిషి దొరికింది, ఆమెకూ ఒక్క మనిషి దొరికాడు. ఇప్పుడా రెండు కుర్చీల్లో ఎవరికి వారే.

చైర్మన్ పక్కవాళ్ళిద్దరితో గుసగుసగా మాట్లాడి, పెన్సిలు చేతిలోకి తీసుకున్నాడు.

"మేడమ్, ఇకనుంచి మీరు ఈ విషయంలో సాక్షి. ఇంకో దుభాషి దొరికేదాకా ఆ పనీ మీదే, తప్పదు. ప్రభుత్వం రికార్డింగు ఇవ్వనంటోంది కాబట్టి నాకు మీ జ్ఞాపకమే ఆధారం. ప్రమాణం చేసి ఆ సంభాషణ మొత్తం చెప్పండి. అతను అన్నది, అటువైపు మనిషి అన్నది, రెండూ. అటువైపు ఉన్నది ఎవరు?"

తనేజా ఫైలు తెరిచాడు. ఇప్పుడు అతనిలో అలసట లేదు. "మాకూ అదే కావాలి సర్. మా కాపీలో అటువైపు మాటలు లేవు. ఒక స్త్రీ గొంతు, ఏడుపు, మాటలు స్పష్టంగా లేవు అని రాసి ఉంది."

అలా రాసింది కూడా అనసూయే.

మాటలు స్పష్టంగానే ఉన్నాయి. అటువైపు ఉన్నది ధనమ్మ, చెన్నకేశులు పెళ్ళాం. అప్పటికి మొగుడు పోయి మూడు రోజులు, శవం ఇంకా మార్చురీలోనే ఉంది. 'నువ్వు మాట్లాడుకుంటనే ఉండు కుర్మన్నా. రేపటికి తెగకపోతే నేనే తెంపుత' అంది. ఏడుస్తూ అనలేదు. ఏడుపు అయిపోయాక, చాలా మామూలుగా అంది. ఆ గొంతు విన్న అనసూయ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. మొగుడు పోయిన మూడోనాడు మనిషి గొంతు అలా ఎందుకు మామూలైపోతుందో ఆమెకు తెలుసు. మళ్ళీ పెట్టుకుని, ఆ వరస దగ్గర స్పష్టంగా లేదు అని రాసింది. పదకొండేళ్ళలో ఆమె రాసిన ఒకే ఒక్క అబద్ధం అది. పంచాయతీ తెంపుతానందో, ఇంకేదైనా తెంపుతానందో ఆమెకు ఈనాటికీ తెలియదు. రెండు రోజుల తరువాత కేబుల్ తెగింది మాత్రం చెన్నకేశులు చనిపోయిన గుంతకు అవతలే.

"దూస్రీ తరఫ్ కౌన్ థా?" అటువైపు ఎవరని తనేజా అడిగాడు, నేరుగా కుర్మయ్యనే చూస్తూ.

ఆపాటి హిందీ కుర్మయ్యకు తెలుసు. గోడవైపు ఉన్న ముఖం తిప్పాడు. అనసూయను సూటిగా చూశాడు. ఈ ఊళ్ళో తొమ్మిదేళ్ళు తిరిగినవాడికి, ఆ గదిలో తన భాష ఇంకెవరికీ రాదని తెలుసు. గొంతు తగ్గించి, తొందర తొందరగా అన్నాడు.

"అమ్మా, నా మాట చెప్పినవు, సాలు. ఆమెది చెప్పకు. నన్ను ఏడాది ఉంచుకోమను. ఇద్దరు పిల్లలున్నరు ఆమెకు."

అందరి చూపూ అనసూయ మీదికి తిరిగింది. తనేజా పెన్ను కాగితం మీద ఆనించి సిద్ధంగా ఉన్నాడు.

"ఏమన్నాడు మేడమ్?" అన్నాడు చైర్మన్. "అతను ఇక్కడ పలికిన ప్రతి మాటా మాకు చెప్పాలి. ఇప్పుడు మీతో ఏమన్నాడు?"

ప్రమాణం చెయ్యడానికి అనసూయ లేచి నిలబడింది.